తెర మీది మిస్

మూడో దెబ్బకు వినోదిని చేతిలో బెత్తం చీలింది. ఆ చీలిక తొమ్మిదేళ్ళ సరణ్య అరచేతిలో దిగి నెత్తురు వచ్చింది. అయినా వినోదిని ఆగలేదు.

"భయపడకుండా అడగండి. ఎన్నిసార్లయినా చెప్తాను," అని అదే సమయంలో గోడ మీది పెద్ద తెరలో పట్టుచీర కట్టుకున్న వినోదిని తమిళంలో నవ్వుతూ చెబుతోంది.

తమిళ ఊరైనా తెలుగు ఇళ్ళూ ఉన్న మారండహళ్ళిలోని ఆ ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి ఇద్దరు వినోదినులు. నిరుడు, బడి నడిపే కరస్పాండెంట్ మోహన్‌రాజ్ ఆమె చేత లెక్కల పాఠాలన్నీ కెమెరా ముందు చెప్పించాడు. నీ పేరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటా మోగుతుందన్నాడు. పాపం, ఆమె మురిసిపోయింది. పాఠాలు తెరకెక్కాక మిగతా లెక్కల టీచర్లను ఇంటికి పంపేశాడు. వినోదినిని మాత్రం సగం జీతానికి ఉంచుకున్నాడు, బెత్తం పట్టుకుని నిలబడడానికి. పాఠం నడుస్తుండగా పిల్లలు నోరు విప్పకూడదు, తల తిప్పకూడదు. పైన ఇంకో కెమెరా ఉంది. తల కదిలితే మోహన్‌రాజ్ దగ్గర్నుంచి ఫోను వస్తుంది.

సరణ్య చేసిన నేరం ఒక్కటే. సగం కంటే పావు ఎట్లా చిన్నదయిందని పక్కపిల్లను అడిగింది. రెండు కంటే నాలుగు పెద్దది కదా అని దాని అనుమానం. తెర మీద పిజ్జా కోసి చూపించారు. కట్టడాల దగ్గర కూలికి పోయేవాళ్ళ బిడ్డ పిజ్జా ఎక్కడ చూసింది? మునుపైతే వినోదిని తన డబ్బాలోని చపాతీ తుంచి, ఇంటి తెలుగులో రెండు మాటలు చెప్పేది. ఇప్పుడు తన గొంతే తనను వెక్కిరిస్తుంటే ఒళ్ళు మండి, ఆ మంటంతా పిల్ల మీద చూపింది.

సరణ్య ఏడవలేదు. నెత్తుటి చెయ్యి గౌనుకు తుడుచుకుని, వినోదినిని దాటుకుని తెర దగ్గరికి పోయింది. తలెత్తి, నవ్వుతున్న ఆ ముఖాన్ని అడిగింది.

"మిస్, నాకు తెలీలేదు. ఇంగొకతూరి చెప్పు మిస్."

వినోదిని చేతిలోంచి బెత్తం జారిపోయింది. అంత సిగ్గు ఆమె జన్మలో ఎరగదు.

ఫోను మోగింది. ఆమె ఎత్తలేదు. మోహన్‌రాజే కొత్త బెత్తంతో వచ్చాడు. వస్తూనే సరణ్యను జుట్టు పట్టి ఈడ్చి వీపు మీద రెండు వేశాడు. మూడోదానికి వినోదిని అడ్డం వచ్చింది. అది ఆమె మూతి మీద పడి పెదవి చిట్లింది.

"కొట్టేదానికే నీకు సంబళం ఇచ్చేది," అన్నాడు. మోహన్‌రాజ్ వాళ్ళదీ తెలుగు ఇల్లే, కోపం వస్తే ఇంటి మాటే వస్తుంది.

"ఇంక కొట్టేది లేదు సార్. పాఠం చెప్పమంటే చెప్తాను."

తెర మీది వినోదిని ఎప్పటిలాగే "అర్థమైందా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది. పాఠంలో పిల్లలు నోరు విప్పవలసిన చోటు అదొక్కటే, రోజూ "యెస్ మిస్" అని అరుస్తారు. ఈవేళ ఎవరూ అరవలేదు. అందరూ నెత్తురు కారుతున్న వినోదిని వైపు చూశారు.

"నిజం చెప్పండి," అందామె.

వెనక బెంచీలో ఒక గొంతు లేచింది. తర్వాత తరగతంతా తమిళంలో, తెలుగులో, నోటికి ఏది వస్తే అందులో చెప్పింది, తెలీలేదు మిస్ అని.

"వెరీ గుడ్," అంది తెర. ఇంతమందిలో ఎవరిని కొట్టాలో తోచక, మోహన్‌రాజ్ ఎత్తిన బెత్తం ఎత్తినట్టే పట్టుకుని నిలబడ్డాడు.