ముందే పెట్టిన సంతకం

ఆ ఉదయం చేయవలసిన పనులు: ఆరు సీసాలు వేడినీళ్లతో కడగాలి. ఆరు తొట్లలోని నీళ్లు వాటిలో పట్టాలి. ఒక్కో సీసాను కిటికీ వెలుగులో చూడాలి, వాసన చూడాలి. కాగితం మీద నేనొక సంతకం, నాతో జంటగా పనిచేసే మనిషి ఒక సంతకం పెట్టాలి. రెండూ చూశాకే తొట్ల కాపలా తాత చక్రం తిప్పి ఊరికి నీళ్లు వదులుతాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఉద్యోగంలో చేరిన రోజు నాన్న ఒకటే చెప్పాడు: "తెలియకుండా వేలిముద్ర వేయడం నాతోనే ఆగిపోవాలమ్మా."

నీటి పరీక్షల గదిలో నా జంట చిలక. మాటలెక్కువని అందరూ పెట్టిన పేరది. చర్చిలోనూ నా పక్కనే నిలబడి పాడేది. కొత్త ఊళ్లో ఒక స్నేహితురాలిని ఇమ్మని ప్రార్థించిన వారానికే కనిపించింది. దేవుడే పంపాడనుకుని, ఇంకేమీ ఆలోచించలేదు.

"రోజూ ఇద్దరం పొద్దున్నే రావడమెందుకే? వారానికి సరిపడా కాగితాల మీద ముందే సంతకాలు పెట్టేసుకుందాం. ఒకరోజు నువ్వు చూడు, ఒకరోజు నేను చూస్తా," అంది. "ఏం, నా మీద నమ్మకం లేదా?"

లేదనిపించుకోవడం ఇష్టంలేక పెట్టాను.

ఆ రోజు చిలక వంతు. అయినా మనసాగక వెళ్లాను. గదంతా నీటి వెలుగు. సీసాల్లోంచి పడిన కాంతి పైకప్పు మీద చేపల్లా మెల్లగా ఈదుతోంది. నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంది నాకు. ఎందుకో లెక్కపెట్టాను. అయిదు చేపలే ఉన్నాయి. నాలుగో సీసా పొగపట్టిన అద్దంలా ఉంది.

"కాగితమేదే?"

"తాతకిచ్చేశాగా," అంది చిలక, జడ అల్లుకుంటూ.

"నాలుగోది చూశావా?"

"ఆరూ చూస్తే నాకూ కళ్లజోడొస్తుంది, ఆ అక్కలాగా." నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "అందులో నీ సంతకం కూడా ఉంది. చెప్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఊరుకోవే, నా బంగారం."

పక్క బల్ల దగ్గర కళ్లజోడు అక్క లేచింది. చూడనిదానికి సంతకం పెట్టొద్దని ఒకసారి అన్నందుకు, నేను తప్పించుకు తిరిగిన మనిషి.

"నేను వెంట వస్తా. చెప్పడం మాత్రం నువ్వే చెప్పాలి."

పొగమంచులో ఇద్దరం పరుగెత్తాం. తాత చేతులు అప్పటికే చక్రం మీద ఉన్నాయి.

"తాతా, ఆపు. నేను చూడకుండా సంతకం పెట్టాను."

తాత చేతులు తీశాడు. ఊరికి ఆ నీళ్లు వెళ్లలేదు. నా ఉద్యోగం, మందలింపు కాగితంతో, నిలిచింది. జంటగా ఎవరు కావాలని అధికారి అడిగితే అక్క కావాలన్నాను. నేను చూసిన ప్రతి సీసానూ ఆమె మళ్లీ చూస్తుంది.

"నమ్మకం లేదా అక్కా?"

"ఇష్టముంది. అటు జరుగు, వెలుగుకు అడ్డమొస్తున్నావు."

చిలకను వేరే చోటికి మార్చారు. పాటల పుస్తకం నా బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది. చర్చిలో నా పక్క చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మీరు మోకరించినప్పుడు ఆమెను గుర్తుచేసుకోండి. అడగ్గానే తలూపే నాలాంటిది కాకుండా, కాదని చెప్పగలిగే స్నేహితురాలు ఒకరు ఆమెకు దొరకాలని అడగండి.