సూ మాస్టారి వీపు మీది పలక

నేను ఒక చెక్క పలకని. జానెడున్నర పొడుగు, జానెడు వెడల్పు, పైన రెండు బెజ్జాలు. నన్ను చూసి కూరలు తరిగే చెక్క అనుకున్నవాళ్ళున్నారు, జాడీ మూత అనుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడేమో మహా గొప్ప వస్తువని అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఎవరేమనుకున్నా నేను కాదనలేదు. చదువు కూడా నాకు అంతంతమాత్రం. నా మీద ఎవరేం రాస్తే అదే నాకొచ్చింది, తుడిచేసినప్పుడల్లా సగం పోయింది. ఆ సగం చదువుతోనే ఒక చైనా జనరల్ గారి బతుకు మొత్తం చెప్పేస్తాను, వినండి. నవ్వొస్తే మొదట్లోనే నవ్వేసుకోండి.

దక్షిణాన కొండల్లో ఒక భూస్వామి ఇంటి తలుపుగా పుట్టాను నేను. ఎర్ర సైన్యం ఆ ఊరొచ్చిన రోజు జనం తలుపు ఊడదీసి, భూస్వామిని దాని మీదే పడుకోబెట్టారు. తర్వాత ఏం చేశారో నేను చూళ్ళేదు, కింద ఉన్నాను కదా. ముందు బరువు తెలిసింది, తర్వాత తడి తెలిసింది. మర్నాడు ఇసకేసి తోమి పధ్నాలుగు ముక్కలుగా కోశారు. తలుపు చేసిన వడ్రంగే కోశాడు. చేసినప్పుడూ కోసినప్పుడూ ఒకే పాట ఈల వేశాడు మహానుభావుడు.

పధ్నాలుగు పలకలు ఎందుకంటారా? ఆ సైన్యంలో నూటికి తొంభైమందికి అక్షరం ముక్క రాదు. కూర్చోబెట్టి చెప్పే తీరిక లేదు, వెనక శత్రువు తరుముతున్నాడు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు నడిచేవాడి వీపుకి పలక కడతారు, దాని మీద ఒక అక్షరం రాస్తారు, చైనా రాతలో అక్షరమంటే ఒక మాటే. వెనకవాడు నడుస్తూ, దాన్నే చూస్తూ, వేలితో తొడ మీద గీసుకుంటూ నేర్చుకుంటాడు. సాయంత్రానికి వరస మొత్తానికి ఒక వాక్యం వచ్చేయాలి. బానే ఉండేది, వరసలో ఎవడూ చావకుండా ఉంటే. ఒకసారి ముగ్గురి వీపుల మీద ‘పేదలకి’, ‘భూమి’, ‘ఇస్తాం’ అని రాశారు. ఏరు దాటేటప్పుడు మధ్యవాడు కొట్టుకుపోయాడు. గట్టెక్కాక వెనకనున్న వాళ్ళు ‘పేదలకి ఇస్తాం’ అని చదివారు.

“ఏం ఇస్తామంట?” అన్నాడొకడు.

“ఏమో, అది నీళ్ళల్లో పోయింది,” అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వకపోతే నడవలేరు మరి.

నన్ను కట్టుకున్నాయన సూ వెన్లిన్. బడిపంతులు, సన్నటి మనిషి, కళ్ళజోడుకి ఒక పక్క దారం. అందరూ సూ మాస్టారు అనేవాళ్ళు. ఆయన వెనక నడిచేవాడే తర్వాత జనరల్ అయిన మావాడు. అప్పటికి వాడికి సరైన పేరు కూడా లేదు. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే వాళ్ళమ్మ వీణ్ణి గోషెంగ్ అని పిలిచింది, అంటే కుక్కలు తినగా మిగిలినవాడని. మీరు పెంటయ్య అని పెట్టుకోరూ, అలాగన్నమాట. ఇరవయ్యేళ్ళు, ఎద్దంత బలం, ఎద్దంత బుర్ర.

మాస్టారు వాడికి మొదట నేర్పింది ‘మనిషి’ అనే అక్షరం. చైనా వాళ్ళకి అది రెండే గీతలు. అటొక కాలు, ఇటొక కాలు, మనిషి అడుగేస్తున్నట్టుంటుంది. వానకి సిరా కారిపోతోందని నా వెనకవైపు మేకుతో గట్టిగా గీకారు. అదే నా మొదటి గాయం.

“ఏంట్రా ఇది?”

“రెండు కాళ్ళండి.”

“ఎవరివి?”

“మీవేనండీ. సన్నగా ఉన్నాయిగా.”

వరస వరసంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. “నావే అనుకో. అవి ఆగకుండా చూసుకో. ఆగాయంటే ఇది అక్షరం కాదు, రెండు కట్టెలు,” అన్నారు.

పేరు కూడా ఆయనే పెట్టారు, క్వాంగ్ షింగ్ అని. క్వాంగ్ వాడి ఇంటిపేరు, షింగ్ అంటే నడక. నా ముందువైపు ఆ పేరు సిరాతో రాసి, రోజూ కారిపోతుంటే రోజూ మళ్ళీ రాసేవాళ్ళు. వాడు చూసి చూసి సగం నేర్చాడు. సరిగ్గా అప్పుడే గడ్డి బురద మైదానం వచ్చింది.

వారం రోజుల నడక. కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది, రెండో కాలూ దిగిందంటే ఇక మనిషి లేడు. తినడానికి గడ్డి. ఉడకబెట్టకుండా తింటే కడుపు చెడి చస్తారు. ఉడకబెట్టడానికి పుల్ల లేదు. తుపాకీ మడమలు పోయాయి, డప్పు చట్రం పోయింది, తర్వాత పలకలు. పదమూడు పలకలు వంటాయన లువో బాబాయి పొయ్యిలోకి పోయాయి. మిగిలింది నేను.

“ఒరే గోషెంగ్, నీ పలకిస్తే ఒక కుండ నీళ్ళు కాగుతాయిరా,” అన్నాడు లువో బాబాయి.

“నీళ్ళల్లో పడిపోయింది బాబాయ్,” అన్నాడు మావాడు. ముందు రాత్రే మాస్టారి వీపు నుంచి విప్పి దాచాడు, చొక్కా లోపల వాడి పొట్టకి ఆనుకుని ఉన్నాను నేను. నా దగ్గరున్న చిలిపి పనల్లా ఒక్కటే, పట్టుకున్నవాడికి పేడు గుచ్చడం. అప్పుడూ గుచ్చాను. పంటి బిగువున ఓర్చుకున్నాడే గాని నన్ను తియ్యలేదు. పేరు సగమే వచ్చింది కదా, మిగతా సగం రాకుండా ఎలా ఇస్తాడు?

లువో బాబాయి ఆ గడ్డి పచ్చిదే తిన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి పోయాడు. మనిషి పోయాడు, మనిషి అనే అక్షరం మిగిలింది. సూ మాస్టారికి అంతా తెలుసు. మళ్ళీ నన్ను వీపుకి కట్టుకున్నారు. ఆ రోజు మాత్రం పాఠం చెప్పలేదు. మైదానం దాటాక నన్ను మావాడికే ఇచ్చేశారు.

ఆ తర్వాత మావాడు ఎక్కిన మెట్లు చెబితే మీకు ఆయాసం వస్తుంది. దళానికి నాయకుడయ్యాడు, తర్వాత రెజిమెంటుకి, ఆ తర్వాత డివిజన్‌కి. జపాన్ వాళ్ళతో కొట్లాడాడు, సొంత దేశంవాళ్ళతో కొట్లాడాడు, కొరియా మంచులో అమెరికా వాళ్ళతో కొట్లాడాడు. అక్కడ ఒక గుట్ట పట్టుకోమని ఎనిమిది వందలమందిని పంపితే అరవైమంది తిరిగొచ్చారు. గుట్ట దొరికింది. నాలుగు రోజులకి ఆ గుట్టతో పని లేదని వదిలేశారు. నేను ఆయన మ్యాపు కింద ఒత్తుగా ఉండి ఆ గుట్టని రెండు సార్లు చూశాను, ఒకసారి ఎర్ర పెన్సిల్‌తో గీసినప్పుడు, ఒకసారి రబ్బరుతో చెరిపినప్పుడు.

యాభై అయిదులో భుజాల మీద నక్షత్రాలొచ్చాయి. ఇక నుంచి గారు అనాలి. జనరల్ గారికి పెద్ద ఇల్లు, కారు, షూచెన్ అనే భార్య. ఆవిడ నన్ను చూసి, ఈ చెక్క ఊరగాయ జాడీకి సరిగ్గా సరిపోతుందని మూత పెట్టేసింది. నాలుగేళ్ళు క్యాబేజీ పులుపు పీల్చాను. మాట వరసకైనా నేనెవర్నో ఆవిడకి చెప్పలేదు మావాడు.

యాభై తొమ్మిది శీతాకాలంలో సూ మాస్టారు వచ్చారు. పల్లెలో బడి హెడ్మాస్టరు ఆయనిప్పుడు. ముందే సన్నం, ఇప్పుడు మరీ ఈనెపుల్లలా ఉన్నారు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెడితే జాడీ మీద నన్ను చూశారు.

“ఇది నీళ్ళల్లో పడిపోయిందని లువోతో అన్నావు,” అన్నారు.

జనరల్ గారు ఇబ్బందిగా నవ్వారు. “భోంచేసి వెళ్ళండి మాస్టారూ.”

“నా భోజనం నేనే తెచ్చుకున్నాను,” అని మాస్టారు గుడ్డ మూట విప్పారు. లోపల నల్లటి రొట్టె. చెట్టు బెరడు, మట్టి కలిపి కాల్చింది. “మా ఊళ్ళో అందరూ తినేది ఇదే. నా బళ్ళో అరవై రెండుమంది పిల్లలుండేవాళ్ళు. ఇప్పుడు పంతొమ్మిదిమంది. పైవాళ్ళకి ఉత్తరం రాశాను, పంట బాగా పండిందని రాసేవాళ్ళ మాట నమ్మొద్దని. నాలాంటివాడు రాస్తే చించేస్తారు. నువ్వీ రొట్టె పట్టుకెళ్ళి చూపిస్తే చూస్తారు. కుదరదంటే సూ అబద్ధం చెప్పేవాడు కాదని ఒక్క ముక్క రాసిపెట్టు. అదైనా నన్ను కాస్తుంది.”

“ఇది ఇంకెవరికైనా చూపించారా?”

“లేదు. నీకే.”

జనరల్ గారు రొట్టె తీసుకున్నారు. విరిచారు. తిన్నారు. ఆఖరి పొడి దాకా వేలితో అద్ది మరీ తిన్నారు. ఆకలేసి కాదు నాయనా. బల్ల మీదుంటే అది సాక్ష్యం. మాస్టారు ఖాళీ గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు.

“రుచి ఎలా ఉంది?” అన్నారు.

“బురదలో ఇంతకన్నా అన్యాయంగా తిన్నాం మాస్టారూ.”

“అప్పుడు శత్రువు వెనకాల ఉండేవాడు,” అని లేచి వెళ్ళిపోయారు.

పది రోజులకి పైనుంచి కాయితం వచ్చింది. సూ వెన్లిన్ ప్రజల పంట మీద బురద జల్లుతున్నాడు, ఆయన్ని ఎరిగినవాడిగా మీరూ ఒప్పుకుంటే సంతకం చెయ్యండి. కాయితం కింద ఒత్తుగా ఏదో ఒకటి కావాలని జనరల్ గారు జాడీ మీద నుంచి నన్నే తీశారు. పేడు గుచ్చాను. వేలు చీక్కుని సంతకం పెట్టారు, క్వాంగ్ షింగ్ అని. ఆ పేరు పెట్టినాయన మీద, ఆ పేరు నేర్పిన పలక మీద. కలం ఒత్తు నాకు దిగింది. ఎంత కుదురైన అక్షరాలనుకున్నారు.

మాస్టార్ని వాయవ్యాన ఇసక ఎడారిలో చాకిరీ క్యాంపుకి పంపారు. రెండో చలికాలం దాటలేదు. కబురొచ్చిన రోజు జనరల్ గారు అన్నంలోకి ఊరగాయ వద్దన్నారు. అంతే. మర్నాడు వేసుకున్నారు.

అరవై ఏడులో రోజులు తిరగబడ్డాయి. సాంస్కృతిక విప్లవం అన్నారు. చేతులకి ఎర్ర పట్టీలు కట్టుకున్న కాలేజీ పిల్లలు ఇంట్లోకి చొరబడి పతకాలు నలగ్గొట్టి, షూచెన్ జుట్టు సగం గొరిగి, జనరల్ గార్ని మెడ పట్టి లాక్కుపోయారు. మెడలో వెయ్యడానికి పలక కావాలి. జాడీ మూత కనిపించింది. దాని మీద ప్రజాద్రోహి అని రాసి, కింద ఆయన పేరు తలకిందులుగా రాసి, ఎర్ర సిరాతో కొట్టేశారు. ముప్పై ఏళ్ళు వీపుల మీదా జాడీల మీదా బతికినదాన్ని, మొదటిసారి ఒకడి రొమ్ము మీదకెక్కాను.

స్టేడియం నిండా జనం. నా బెజ్జాల్లో సన్నటి ఇనప తీగ దూర్చి కట్టింది ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల. రాసింది కూడా అదే. ఆ గీత ఒంపు నాకెక్కడో తెలిసినట్టే ఉంది. కడుతూ ఆయన చెవి దగ్గర గొణిగింది.

“మా నాన్న నీతోపాటే నడిచాడంట. మంచోడని మైకులో ఒక్క మాట చెప్పు. నా పేరు మీద మచ్చ పోద్ది, నన్ను చదువుకోనిస్తారు. తీగ వదులుగా కడతా.”

“ఎవరమ్మా నువ్వు?”

“సూ లాన్. సూ వెన్లిన్ కూతుర్ని. తల దించు, వాళ్ళు చూస్తున్నారు.”

పిచ్చిపిల్ల. ద్రోహి అని తన చేత్తో రాసి మెడలో వేలాడదీసింది, అదే నోటితో తన తండ్రికి మంచి మాట అడిగింది. నేను దాని అరచేతిలో పేడు దింపాను, వద్దే అని చెప్పడానికి నా దగ్గరున్నది అదొక్కటే. దులపరించుకుంది.

జనరల్ గారికి మాత్రం అర్థమైంది. ఆ మైకులో తను ఎవర్ని పొగిడితే వాళ్ళ బతుకు బుగ్గేనని ఆయన కన్నా తెలిసినవాళ్ళెవరు? నోరు మూసుకుంటే పిల్ల బాగుపడేది. కానీ ఎనిమిదేళ్ళనాటి రొట్టె ఇంకా గొంతులో ఉన్నట్టుంది. పిల్ల పుణ్యమా అని తన గొంతు శుభ్రం చేసుకోవాలనుకున్నాడు మావాడు.

“సూ వెన్లిన్ నాకు చదువు చెప్పాడు. ఆయన రాసింది నిజం. నేను సంతకం పెట్టింది అబద్ధం,” అన్నారు మైకులో.

పిల్ల మొహం వెలిగింది. అప్పుడే ఎవడో లేచి, “ద్రోహి మెచ్చుకున్నవాడు ఇంకా పెద్ద ద్రోహి. వాడి కూతురు ఇక్కడే ఉంది,” అన్నాడు. దాని స్నేహితులే దాని చేతి పట్టీ చింపేశారు. దానికీ ఒక పలక కావాలి, ఇంకొకటి లేదు. జనరల్ గారి మెడలోంచి నన్ను తీసి, ఆయన పేరున్నవైపు లోపలికి తిప్పి, ఊరేగింపులో వెనకొచ్చే జనానికి కనబడాలని దాని వీపుకి కట్టారు. బయటికొచ్చిన వైపు మీద నల్ల సిరా బకెట్ కుమ్మరించారు. సిరా పోయి మేకు గీతల్లో నిలిచింది. మాస్టారు గీకిన అక్షరం అంత నల్లగా, అంత స్పష్టంగా ఎప్పుడూ కనబళ్ళేదు.

ముందు పిల్లని నడిపించారు. దాని వెనకాలే జనరల్ గార్ని. రాళ్ళు పడుతున్నాయి. పిల్ల రెండు సార్లు కూలబడబోయింది. వెనక నుంచి ఆయన నన్నే చూస్తున్నాడు, ఆ సన్నటి వీపునే చూస్తున్నాడు. వేలు తొడ మీద రెండు గీతలు గీసింది.

“ఆగకమ్మా,” అన్నాడు. “కాళ్ళు ఆగనివ్వకు.”

“నువ్వు నోర్ముయ్యి,” అంది పిల్ల. కానీ నడిచింది.

ఆ వసంతంలోనే జనరల్ గారు ఒక గోదాములో పోయారు. గుండె ఆగిందని రాశారు. గుండె ఆగే ముందు పక్కటెముకలు ఎందుకు విరిగాయో రాయలేదు. పిల్లని కొండల్లోకి తోలేశారు.

పన్నెండేళ్ళకి గాలి మళ్ళింది. జనరల్ గారు అమాయకుడని కాయితం వచ్చింది. షూచెన్ దాన్ని రెండుసార్లు చదివి జాడీ కింద పెట్టింది. స్వాధీనం చేసుకున్న సామాన్ల గుట్టలోంచి నన్ను ఏరి మ్యూజియానికి తెచ్చారు. ‘ప్రజాద్రోహి’ తోమేశారు, ఎర్ర కొట్టివేత తోమేశారు, క్వాంగ్ షింగ్ అని బంగారు రంగుతో రాశారు. తీగ దూర్చిన బెజ్జాల్లో రెండు మేకులు కొట్టి అద్దాల పెట్టెలో గోడకి బిగించారు. మాస్టారి అక్షరం గోడవైపు పోయింది.

మొన్న బడిపిల్లల గుంపుకి గైడు చెబుతున్నాడు, జనరల్ గారు బురద మైదానంలో ఆకలితో ఉండి కూడా ఈ పలకని పొయ్యిలో పెట్టనివ్వలేదు, చదువంటే అంత మక్కువ అని. పిల్లలు ఆ అని నోళ్ళు తెరిచారు. లువో బాబాయి సంగతి ఎవరూ అడగలేదు. గుంపు వెనక ఒకావిడ నిలబడింది. జుట్టు నెరిసింది, ఒక కాలు కాస్త ఈడుస్తోంది. అద్దం మీద చెయ్యి ఆనించింది. అరచేతి మధ్య నల్లటి చుక్క. నా పేడే. ఇన్నేళ్ళు తియ్యకుండా దాచుకుంది గావును.

“బాబూ, దీన్ని ఒకసారి వెనక్కి తిప్పుతావా?”

“వెనకేముంటుందమ్మా, చెక్కేగా.”

“ఒక అక్షరం ఉంది. మా నాన్న గీకింది.”

గైడు కుర్రాడు మర్యాదస్తుడు. “మీకెలా తెలుసండీ?” అన్నాడు.

“మోశాను,” అంది.

“వస్తువులు ముట్టుకోవడానికి లేదండి, రూలు,” అన్నాడు. ఆవిడ చెయ్యి తీసేసి, వెనుదిరిగి తలుపు వైపు నడిచింది.

నేను ఏళ్ళ తరబడి వీపుల మీద ఊగాను, ఎప్పుడూ వెనకవాళ్ళ మొహాలే చూశాను. మోసేవాళ్ళు నడిచిపోతుంటే చూసే యోగం నాకెప్పుడూ పట్టలేదు. ఆ రోజు పట్టింది. సన్నటి వీపు, దాని మీద ఏ పలకా లేదు. కింద అటొక కాలు, ఇటొక కాలు, ఆగకుండా వెళ్ళిపోతున్నాయి. నా సగం చదువుకి కూడా అది చదవడానికి కష్టమవలేదు.