చీకటాయన ల్యాంపు

మూడో కిటికీ పరదా అంచులకు బట్టల క్లిప్పులు పెట్టుకుంటూ వస్తున్నాడు చీకటాయన. పరదా సందులోంచి మధ్యాహ్నపు ఎండ సన్నగా దూరి నేలమీద పడుతోంది. ఆ సందు కూడా మూసేసి, నిచ్చెన దిగి, హాలు నడుమ నిలబడి కళ్లముందు చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. చెయ్యి కనబడలేదు. తృప్తిగా తలాడించి దీపాలు వేశాడు.

అది శాస్త్రవేత్తల సంఘం వారి ఉపన్యాసాల హాలు. దీపాలు, మైకు, తెర, పరదాలు అన్నీ ఆయన చేతిమీదుగా నడవాల్సిందే. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఒక కాడ దారంతో కట్టుకున్న కళ్లజోడు. వేదిక మీద అధ్యక్షుడు వేలెత్తితే చాలు, కన్నుమూసి తెరిచేలోగా హాలంతా కారుచీకటి అయిపోవాలి, తెరమీద నక్షత్రమో పురుగు కాలో ధగధగలాడిపోవాలి. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయనకిదే పని, ఇదే గొప్ప. ఆయనకు అసలు పేరొకటి ఉందని జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. గదిలోంచి లేస్తూ స్విచ్ నొక్కేస్తాడు. "నేనింకా తింటున్నానయ్యా!" అని చీకట్లోంచి భార్య అరుస్తుంది.

ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. పెద్దగా దిగులేమీ లేదు. మోకాళ్లు నిచ్చెనను చూసి ముందే మూలుగుతున్నాయి. ఉదయం బయల్దేరుతుంటే భార్య ఒక్కటే చెప్పింది. "నా ల్యాంపు మర్చిపోకుండా పట్రా. కుట్టుకుంటుంటే సూది కనబట్టంలేదు."

మెడ వంగే ఆ చిన్న టేబుల్ ల్యాంపును ఎప్పుడో ఇంటినుంచి తెచ్చి హాలు వెనక తన క్యాబిన్‌లో పెట్టుకున్నాడు. ఆవిడదే పాత నల్ల రవిక ముక్కను దానిమీద కప్పి, స్విచ్‌లు కనబడేంత వెలుగు మాత్రం ఉంచుకుంటాడు. అందులోంచి ఒక్క చుక్క కూడా హాల్లోకి జారనివ్వడు.

క్లిప్పుల డబ్బా సర్దుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. నాచు మేడమ్. రాళ్లమీద పెరిగే నాచు గురించి పరిశోధన చేసే సభ్యురాలు. చీర అంచుకు ఎప్పుడూ కాస్త మట్టి ఉంటుంది. ఆవిడంటే చీకటాయనకు లోలోపల గుర్రు. తను దీపాలు ఆర్పగానే లేచి చక్కా వెళ్లిపోతుంది. ఇంత చక్కటి చీకటిని కాదనుకుని పోయే మనిషి సంఘంలో ఇంకెవరూ లేరు. ఇన్నేళ్లలో ఆవిడతో మాట్లాడిందీ లేదు. ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది, ఆయన వెనక క్యాబిన్‌లో ఉంటాడు.

"ఇంకా టైముందండీ" అన్నాడు తల తిప్పకుండానే.

జవాబు లేదు. పొగరు, అనుకున్నాడు.

ఆవిడ చుట్టూ తిరిగొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఏమైనా అన్నారా? నావైపు తిరిగి చెప్పండి. నాకు వినబడదు. పెదాలు చూసి మాట పట్టుకుంటాను."

చీకటాయన చేతిలోని క్లిప్పుల డబ్బా కింద పెట్టాడు. "మరి... దీపాలార్పేస్తే?"

"ఇంకేముంది, ఇంటికెళ్లి నాచు చూసుకుంటాను" అని నవ్వింది.

"పెద్దవాళ్లకి చెప్పలేదా అమ్మా?"

"చెప్పాను. తప్పకుండా ఆలోచిద్దామన్నారు. మంచివాళ్లే పాపం, ఇంకా ఆలోచిస్తున్నారు." ఆవిడ నవ్వు తగ్గింది. "ఇవాళ కూడా అంతే అయితే సంఘం మానేస్తాను. మీతోపాటు నాకూ ఇదే ఆఖరు."

ఇవాళ్టి ఉపన్యాసం అధ్యక్షుడిదే. విషయం, సంఘంలో అందరికీ చోటు. తెరమీద బొమ్మలతో సహా.

ఆవిడ వరండాలోకి వెళ్లాక చీకటాయన ఒక కుర్చీలో చతికిలబడ్డాడు. వేలెత్తింది అధ్యక్షుడే అయినా, స్విచ్ నొక్కింది తనే. బాధేసింది. ఏం చేయాలో తెలుస్తూనే ఉంది. కానీ పోడియం మీద దీపం పెడితే తెర వెలవెలబోతుంది, ఇన్నేళ్ల పేరు ఆఖరి రోజున గంగలో కలుస్తుంది. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి లేచి క్యాబిన్‌లోకి వెళ్లి, ల్యాంపు మీది నల్లగుడ్డ తీసేశాడు.

సాయంత్రం హాలు నిండింది. అధ్యక్షుడు కళ్లజోడు బట్టతల మీదికి నెట్టి వేలెత్తాడు. ఎప్పటిలాగే చీకటి పడింది. నాచు మేడమ్ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. అంతలో పోడియం మీద చీకటాయన ముందే తెచ్చిపెట్టిన ల్యాంపు వెలిగింది, సరిగ్గా అధ్యక్షుడి మొహం మీదికి.

"ఇదేమిటయ్యా? ఆర్పు ముందు!"

"మీ మొహం కనబడాలండి" అంది వెనకనుంచి చీకటాయన గొంతు.

"నా మొహంలో చూడ్డానికేముంది?"

"మాటలు, సార్" అంది నాచు మేడమ్, నిలబడే.

అధ్యక్షుడు ఆవిడను చూశాడు, భుజాన సంచిని చూశాడు. "అవును, మీరు చెప్పారు కదూ" అన్నాడు మెల్లగా. ల్యాంపు మెడ పట్టుకుని నోటిదగ్గరికి ఇంకాస్త వంచుకున్నాడు. "సరిపోయిందామ్మా?"

ఆవిడ కూర్చుంది.

తెర ఎడమ మూల పాలిపోయింది. అటు చూసినప్పుడల్లా చీకటాయనకు పంటికింద రాయి పడ్డట్టే ఉంది. అయినా ఊరుకున్నాడు. మధ్యలో అధ్యక్షుడు, తన బుర్రమీద నాచైనా మొలవదని ఒక జోకు వేస్తే హాలంతా గొల్లుమంది. నాచు మేడమ్ కూడా నవ్వింది, పక్కవాళ్లను చూసి కాదు, అందరితోపాటే. చీకటాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. క్యాబిన్‌లో తన మొహం మీద వెలుగు లేనందుకు మాత్రం సంతోషించాడు.

అందరూ వెళ్లాక పరదాలు తెరిచాడు, క్లిప్పులు డబ్బాలో వేశాడు, తాళాలు గుమస్తాకి ఇచ్చాడు. ఎవరితోనూ పెద్దగా ఏమీ చెప్పకుండా బయటికి నడిచాడు. గేటు దగ్గర భార్య ఎదురుచూస్తోంది. ఆయన చేతులవైపు చూసింది.

"నా ల్యాంపేదయ్యా?"

"దానికింకా సర్వీసుంది. నీకు కొత్తది తెస్తాలే. పద, ఆకలేస్తోంది."

"తెద్దువుగాని. ఇవాళైనా నేను తినేదాకా దీపం ఆర్పకు."

వెనక హాల్లో, ఖాళీ కుర్చీలకు ఎదురుగా, ల్యాంపు పోడియం మీద మెడ వంచుకుని ఉంది. అది జరిగిపోకుండా దాని కింద, మడత పెట్టిన నల్ల రవిక ముక్క.