శంకరయ్య ఒంట్లో తూటా

రోజూ పొద్దున సత్తెమ్మ పెనం మీద దొడ్డుప్పు వేయించి, పాత చీరముక్కలో మూటగట్టి, మొగుణ్ణి ఒకటే మాట అడిగేది.

"ఇయ్యాల యాడున్నది?"

"ఎడమ మోకాట్ల," అనేవాడు శంకరయ్య. ఒకరోజు భుజంలో, ఇంకోరోజు పిక్కలో. కార్గిల్‌లో తగిలిన తూటా పదిహేనేళ్లుగా ఆయన ఒంట్లో తిరుగుతూనే ఉంది. మిలిటరీ దవాఖానలో రెండుసార్లు కోశారు. కోసేసరికి అది ఇంకోచోటికి పోయేది. చివరికి డాక్టర్లే విసిగిపోయి, "గట్టిగా అరవకు. అరిస్తే పైకెక్కుతుంది. గుండెదాకా రానీయకు," అని చెప్పి పంపేశారు. అందుకే ఎయిర్‌పోర్టు పార్కింగులో గార్డుగా చేస్తున్నా ఆయన ఎవరి మీదా గొంతు లేపడు, చేతి సైగలతోనే కార్లను మళ్లిస్తాడు. ఊరివాళ్లు కూడా ఎండావానల సంగతి అడిగినట్టే తూటా సంగతి అడిగి తమ దారిన పోయేవారు.

2014లో జడ్పీటీసీ ఎన్నికలొచ్చాయి. సత్తెమ్మ తమ్ముడు మల్లేశ్వర్ నిలబడ్డాడు. తల్లి పోతే సత్తెమ్మే చంకనేసుకుని పెంచిన తమ్ముడు. మిలిటరీలో ఆరేళ్లు చేసిన మాట నిజమే. కాకపోతే ఏదో డిపోలో వంట చేశాడు, సరిహద్దు మొకం చూడలేదు. వంట చేస్తే తప్పా? వండిపెట్టేవాడు లేకుంటే ఏ సిపాయి తుపాకి ఎత్తుతాడు! కానీ పప్పు వండానంటే ఓట్లెవరేస్తారు?

"అక్కా, బావ ముచ్చట జర నా ముచ్చట లెక్క చెప్పుకుంట. బావ ఎట్లాగూ ఎవ్వరికి చెప్పుకోడాయె."

"చెప్పుకో తమ్మీ. ఆయనకేం తక్కువైతది?" అంది సత్తెమ్మ.

మొదటి మీటింగులో మల్లేశ్వర్ మైకు పట్టుకుని, ఒంట్లో తూటా దిగినా తుపాకి వదల్లేదన్నాడు. చప్పట్లే చప్పట్లు. అసలు సంగతి తెలిసిన సొంతూరివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు గాని నోరు విప్పలేదు. మనోడు గెలిస్తే చాలనుకున్నారు.

మర్నాడు సత్తెమ్మ ఉప్పుమూట పట్టుకొస్తే, శంకరయ్య ఒళ్లంతా తడుముకుని "లేదే!" అన్నాడు.

సత్తెమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆయన గబగబా డాబా మెట్లెక్కుతుంటే కింద నిలబడి కళ్లారా చూసుకుంది. ఆయన మాత్రం దిగాలుగా దిగొచ్చాడు.

"ఆ తూటా ముందుగాల నా దోస్తు జయశీలన్ ఛాతిల దిగి, అండ్లకెళ్లి నాకు తగిలింది సత్తెమ్మా. వాడు నా మీద్నే పడి పానం ఇడిసిండు. అది నాలోపట ఉన్నన్ని దినాలు వాడు నాకు యాదికుండె. ఇయ్యాల వాని నవ్వు యాదికొస్తలేదు. నాదని చెప్పుకున్నోని ఒంట్లకే పోయుంటది. అది నాది కాదని మైకుల ఒక్కసారి చెప్పమను మల్లేశ్‌ను. అదే వాపస్ వస్తది. లేకుంటే వాడు అరుస్తున్నకొద్దీ పైకెక్కుతది."

చెప్తానంది. రెండు రోజులు చెప్పలేదు. పాడు మనసు! మొగుడు మూలగకుండా నిద్రలేవడం ఆమె పదిహేనేళ్లలో ఎరగదు మరి.

మూడో రోజు తమ్ముడే నడుం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

"తమ్మీ, అది నాది కాదని ఒక్క మాట చెప్పురా. నీ కాళ్లు మొక్కుత."

"ఎట్ల చెప్పాలక్కా? ఇప్పుడు నేను అబద్ధమాడుతలేను గదా! నిజంగనే నా ఒంట్ల ఉన్నది." నొప్పికి చెమటలు కారుతున్నా మల్లేశ్వర్ మొకం వెలిగిపోతోంది. "ఇన్నేండ్లు అందరు నన్ను వంటోడు, వంటోడు అన్నరు. ఇప్పుడు లేచి దండం పెడుతున్రు. గెలిచినంక చెప్త, తియ్."

ఆఖరి మీటింగు శంషాబాద్ బస్టాండు దగ్గర, మిట్టమధ్యాహ్నం. ఇప్పుడన్నా చెప్తాడేమోనని సత్తెమ్మ ముందు వరసలో కూచుంది. మల్లేశ్వర్ మాట్లాడుతుండగా తల మీదుగా విమానం దిగుతూ పోయింది. ఆ మోతకు తన మాట వినబడదని అతను ఇంకా గట్టిగా అరిచాడు. అరుస్తూ అరుస్తూ ఛాతి మీద చెయ్యేసుకుని ఆగిపోయాడు. యుద్ధంలో పోయినవాళ్లను తలచుకుంటున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. సత్తెమ్మ స్టేజీ ఎక్కేలోపే అంతా అయిపోయింది.

మూడోనాడు చితి బూడిదలో బొక్కలు ఏరుతుంటే తూటా దొరికింది. మల్లేశ్వర్ పేరు మీద దిమ్మె కట్టించి అందులో పెడతామని పార్టీవాళ్లు చెయ్యి చాపారు.

"ఇది నా తమ్మునిది కాదు. నా పెనిమిటిది," అంది సత్తెమ్మ. అంత జనంలో గొంతు వణక్కుండా అంది. ఈ మాటేదో నాలుగు రోజుల ముందు అనివుంటే తమ్ముడు దక్కేవాడు గదా అని అక్కడే నెత్తి కొట్టుకుని ఏడ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, చెట్టు కింద నిలబడ్డ శంకరయ్య దగ్గరికి పోయింది. ఆయన చెయ్యి తెరిచి తూటా అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"ఇగో, నీ జయశీలన్‌ది. నీకు తెచ్చిచ్చిన. తప్పయింది, మాఫ్ చెయ్యి."

శంకరయ్య తూటాను అటూ ఇటూ తిప్పి చూశాడు. సత్తెమ్మ బాధపడుతుందని, గుర్తు తెచ్చుకోడానికి చాలాసేపు తంటాలు పడ్డాడు పాపం.

"జయశీలన్ ఎవలే?" అన్నాడు.