లైటు పట్టే మనిషి

పసుపు మీద ఎండ పడింది.

ఇత్తడి గంగాళంలో నీళ్ళు, నీళ్ళలో పసుపు, పసుపులో తేలే బంతిపూల రెక్కలు… సంగారెడ్డిలో ఆ పెద్దింటి వాకిలంతా పచ్చగా ఉంది. పెళ్ళికూతురి బుగ్గలు పచ్చన. మేనత్తల చేతులు పచ్చన. అడ్డం పడి పరుగెత్తే పిల్లల చొక్కాలు పచ్చన.

లైటు పట్టుకున్న చేతులు కూడా పచ్చనే.

అందరి పసుపూ సాయంత్రానికి సబ్బుతో పోతుంది. ఆ చేతులది పోదు.

సృజన కెమెరా కంటికి ఆనించుకుంది. ఆ చేతులు ఫ్రేములో పడకుండా కాస్త పక్కకు జరిగింది. పక్కకు జరగడం ఆమెకు బాగా వచ్చు.

ఆ చేతులు ఆమె తండ్రివి.

చిన్నరాములు కాజీపల్లి దగ్గర రంగుల పొడి తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తాడు. పొలాలు అమ్ముకున్నవాళ్ళూ, అమ్ముకోవడానికి అసలు పొలమే లేనివాళ్ళూ ఇప్పుడు ఒకే బస్సెక్కి పనికి పోతారు. ఆ పొడి గ్లౌజుల్లోంచి కూడా దిగుతుంది. గోళ్ళలోకి, అరచేతి గీతల్లోకి, మోచేతి దాకా… నిమ్మచెక్కతో రుద్దాడు. కిరసనాయిలుతో రుద్దాడు. దిండు గలీబు కూడా పచ్చబడింది.

"మీకు ఒక్కదినమే పెండ్లి. నాకు దినాం పెండ్లే" అని నవ్వుతాడు.

సృజనదీ కంపెనీ ఉద్యోగమే. మందుగోలీలు డబ్బాల్లోకి వెళ్ళేచోట నిలబడి ప్యాకింగు చూడాలి. ఆ జీతం ఇంటికి సరిపోతుంది. ఇంటికి మాత్రమే సరిపోతుంది. పక్కన ఇంకేదన్నా చెయ్యాలి, నాలుగు రూపాయలు రావాలి, చేతికొక పని రావాలి అనుకుంది. పటాన్‌చెరులో ఎవరో వాడి అమ్ముకున్న కెమెరా కొనుక్కుంది.

నేర్చుకుంది… ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది.

భోజనం గంటలో టిఫిన్ డబ్బాకు ఫోను ఆనించి వీడియోలు చూసింది. సెలవురోజుల్లో రోడ్డు పక్క తంగేడు మీద నేర్చుకుంది. తంగేడు పువ్వు ఎంతసేపు నిలబెట్టినా విసుక్కోదు. పొద్దున తీసింది, మిట్టమధ్యాహ్నం తీసింది, పొద్దు గుంకుతుంటే తీసింది. అదే పువ్వు. వెలుగు మారితే వేరే పువ్వు.

పువ్వుల తర్వాత మనుషులు కావాలి. తల్లి ముత్యమ్మ కూర్చోదు. "నాకు పనిలేదనుకున్నవా" అని లేచిపోతుంది. తండ్రి కూర్చున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, వాకిట్లో బకెట్టు బోర్లేసుకుని, ఎంతసేపంటే అంతసేపు కూర్చున్నాడు.

"నవ్వకు నాయినా."

"నవ్వుత లేను బిడ్డా. నా మొకమే గంత."

ఆ ముఖం మీదే నేర్చుకుంది. ఎదురుగా పడిన వెలుగు ముఖాన్ని చదును చేస్తుందని, పక్కనుంచి పడితే ప్రాణం వస్తుందని… ఆయనా నేర్చుకున్నాడు. లైటు కొన్నాక తనే పట్టుకున్నాడు. పిల్లల పుట్టినరోజులకు, ఓణీల ఫంక్షన్లకు, చీరల దుకాణం ఫోటోలకు. వాడలో అందరికీ తెలుసు… బిడ్డ ఫోటోలు తీస్తుంది, నాయిన లైటు పడతాడు.

ఒకరోజు చాయ గ్లాసు పట్టుకున్న ఆ చేతులను తీసింది. చేతులు మాత్రమే. గీతల్లో దిగిన పసుపు, గోళ్ళ అంచుల నారింజ, గ్లాసు మీద ఆవిరి. ఆన్‌లైన్‌లో పెట్టింది. కింద ‘శ్రమ’ అని రాసింది. జనం విరగబడి మెచ్చుకున్నారు. ఎవరివి ఈ చేతులు అని ఎవరో అడిగారు.

ఆమె జవాబివ్వలేదు. అప్పుడది తప్పనిపించలేదు.

ప్రియ ఆ ఫోటో చూసే పిలిచింది. సంగారెడ్డిలో ధాన్యం వ్యాపారం చేసే వాళ్ళింటి పిల్ల. "ఆ చేతుల ఫోటో చూసినంక వేరే ఎవ్వరూ వద్దనిపించిందక్కా. నా హల్దీకి నువ్వే రావాలె."

అంత పెద్దింటికి పోవడం అదే మొదలు. చిన్నరాములు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. గేటు దగ్గర స్కూటీ ఆపి, సృజన ఆ చేతులకేసి చూసింది.

"చొక్క చేతులకు గుండీలు పెట్టుకో నాయినా."

పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు.

ఇప్పుడు ఆ చేతులు ప్రియ భుజానికి దగ్గరగా లైటు పట్టుకున్నాయి. ప్రియ పక్కనే ఉన్నాయి. ప్రియ గుర్తుపట్టలేదు.

ప్రియ తల్లి అరుణాదేవి సృజనను కాస్త ఇవతలికి పిలిచింది.

"ఏమ్మా, ఆ లైటు పట్టెటాయన చేతులకేమైంది? పసుపైతే కాదు గదా. చర్మరోగం గిట్ల ఉన్నదా? పిల్లకు మరీ దగ్గరికి వస్తున్నడు."

ఆ గొంతులో పొగరు లేదు. తెల్లారితే పెళ్ళి పెట్టుకున్న తల్లి భయం, అంతే. పొగరున్నా బాగుండేది. కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"రోగం కాదాంటీ. కంపెనీల రంగు."

"మీవాళ్ళేనా?"

చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు ఆయన. ఎండకు కళ్ళు చికిలించి, లైటు ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"కాదాంటీ… లైటు కోసం కిరాయికి తెచ్చుకున్న."

మాట ఎంత సులువుగా వచ్చింది! తడబడలేదు. ముందే సిద్ధం చేసి నాలుక కింద దాచుకున్నట్టు వచ్చింది. అరుణాదేవి తలూపి, గంధం గిన్నె కోసం వెళ్ళిపోయింది.

లైటు వణకలేదు.

కాసేపటికి వెనకనుంచి వినిపించింది.

"మేడం… లైటు ఇంక జెర పైకి వట్టాల్నా?"

మేడం.

పుట్టినప్పటినుంచీ ఆయన నోట బిడ్డా అనిపించుకుంది. కోపమొస్తే పిచ్చిదానా అనిపించుకుంది. ముద్దొస్తే మా అవ్వా అనిపించుకుంది. కంపెనీలో ఆఫీసు వాళ్ళను పిలిచే పిలుపు ఈ రోజు ఆమెకు వచ్చింది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిస్తే అక్కడే ఏడ్చేసేది.

"పట్టండి" అంది.

తండ్రిని ‘అండి’ అనడం కూడా అదే మొదలు.

ఆ పూటంతా మేడమే. బ్యాటరీ మార్చాల్నా మేడం. గీడ నిలవడాల్నా మేడం. ఆమెను చుట్టాల పక్కన కూర్చోబెట్టి వడ్డించారు. ఆయన టెంటు సామాను మోసేవాళ్ళతో కలిసి ఇంటి వెనక తిన్నాడు. ఆమె ముద్ద మింగింది… మింగింది… ఏం తిన్నదో తెలియలేదు.

ఫోటోలు చాలా బాగా వచ్చాయి. ఇంతవరకూ తీసినవాటిలో అవే మంచివి. ప్రతి ముఖం మీదా వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడింది. అదే ఆమెను తినేసింది. అంత మాట విన్న మనిషి చెయ్యి ఒక్కసారన్నా తప్పి ఉంటే బాగుండేది.

తిరుగుదారిలో హైవే మీద లారీలు హోరెత్తుతున్నాయి. వెనక సీటులో ఆయన లైటును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. తిట్టినా బాగుండును అనుకుంది.

"అన్నం మంచిగ వెట్టిన్రు" అన్నాడు.

ఇంటికి రాగానే ముత్యమ్మ అడిగింది, ఎట్లయిందని.

"మస్తు తీసింది. గా ఇంట్ల అందరు మన బిడ్డనే మెచ్చుకున్నరు."

సృజన చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఆమె వేళ్ళకూ పసుపు అంటింది. సబ్బు పెట్టగానే పోయింది. తెల్లగా, శుభ్రంగా వచ్చిన ఆ వేళ్ళను చూసుకుంటే ఆమెకు అసహ్యం వేసింది.

తప్పయింది నాయినా… ఒక్క ముక్క. పొద్దున అంత సులువుగా తిరిగిన నాలుక ఇప్పుడు రాయయింది. తర్వాతి రోజుల్లో ఎప్పుడు ఆయన దగ్గరికి పోయినా, ఆయనే ముందుగా "చాయ తాగుతవా" అనేవాడు. ఆ మాట ఆమెను చెప్పనిచ్చేది కాదు. చెప్పనివ్వకూడదనే అనేవాడేమో.

ఫోటోలు సరిచేస్తుంటే ఒకదాంట్లో ఆయన వేళ్ళు దొరికాయి. ప్రియ భుజం పక్కన, అంచులో, లైటు పిడి పట్టుకున్న పచ్చటి వేళ్ళు. అడ్డం వచ్చినవాటిని తుడిచేయడం కూడా ఆమె వీడియోల్లోనే నేర్చుకుంది. ఒక్క గీత గీస్తే చాలు.

గీసింది.

వేళ్ళు పోయాయి. వెలుగు మిగిలింది. పెళ్ళివారు ఆ ఫోటోనే పెద్దదిగా కట్టించుకున్నారు.

కొన్నాళ్ళకు అరుణాదేవి ఫోన్ చేసింది. చెల్లెలు సునంద ఇంద్రేశంలో ఇల్లు కట్టుకుందట, గృహప్రవేశమట. "ఆ లైటు పట్టెటాయననే తీసుకురామ్మా. నెమ్మదస్తుడు. మాట లేదు, ముచ్చట లేదు."

ఈసారి చెప్తాననుకుంది. మా నాయిన అని చెప్తా. అడగకపోయినా చెప్తా. దారిపొడుగునా లోలోపల అనుకుంటూనే ఉంది… మా నాయిన, మా నాయిన. గేటు దగ్గర స్కూటీ ఆపి వెనక్కి చూసింది. ఆయన చొక్కా చేతుల గుండీలు అప్పటికే పెట్టుకుని ఉన్నాడు.

ఇంద్రేశంలో ఇళ్ళకంటే రంగువేసిన హద్దురాళ్ళే ఎక్కువ. సునంద ఇంటి పక్కనంతా ఖాళీ జాగా. కట్టబోయే ఇళ్ళు ఇంకా రాలేదు, పాత తంగేళ్ళు ఇంకా పోలేదు. పొద్దు గుంకే వేళకు ఇంటివాళ్ళంతా కొత్త గడప ముందు వరసగా నిలబడ్డారు. చిన్నరాములు లైటు ఎత్తాడు. సృజన కెమెరా ఎత్తింది.

సునంద ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"అవును పెద్దాయనా, ఆ పిల్ల మీకేమన్న అయితదా? ముక్కు ఒక్క తీరున్నది."

ఇదే ఆ క్షణం. సృజన నోరు తెరిచింది.

ఆయనే ముందు నవ్వాడు.

"ఏం గాదమ్మా. మేడం కిరాయికి పిలిస్తే వస్త."

ఆమె మాటే. ఆమె అన్నంత సులువుగానే అన్నాడు. పక్కనుంచి వెలుగు పట్టడం ఎంత తొందరగా నేర్చుకున్నాడో, ఇదీ అంత తొందరగానే నేర్చుకున్నాడు. రెండూ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

కెమెరా దించింది.

"నాయినా!"

అవసరమైన దానికంటే గట్టిగా వచ్చింది. వరసలో నిలబడ్డవాళ్ళ నవ్వులు ఆగాయి. సునంద తల తిప్పింది. ఎవరో చంటిపిల్ల ఉలిక్కిపడింది.

"నాయినా… లైటు జెర ఇటు తిప్పు."

చిన్నరాములు ఆమెకేసి చూడలేదు.

వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరో, ఎవరి నాయినో నిలబడి ఉన్నట్టు.

వెనక ఎవరూ లేరు. ఖాళీ జాగా, మసక చీకటి, తంగేళ్ళు.

ఆయనతోపాటు లైటూ అటే తిరిగింది. పచ్చటి పువ్వుల మీద పడి, అక్కడే ఆగిపోయింది…