కొండ కడుపులో మిగులు గుడ్డ

కంటిచూపుతోనే నడుము కొలత చెప్పగల టైలరు తన ఇంటి గుమ్మం వెడల్పు చూసుకోవడం మరిచిపోయాడంటే, ఆయన భార్య మొదట నమ్మలేదు. నమ్మాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"అందరి నడుములూ కొలిచారు. మన గుమ్మం నడుము కొలవడానికి తీరిక దొరకలేదా మీకు?"

"నవ్వింది చాల్లే. టేపు ఆ చివర పట్టుకో."

ఎన్నిసార్లు కొలిచినా గుమ్మం పెరగలేదు, బల్ల తరగలేదు.

ఆ బల్ల మీద ఉన్నది, దుకాణం వెనకగదిలో ఆయన ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన బొమ్మరైలు ఊరు. మొదట ఒక చెక్క పలక మీద గుండ్రంగా పట్టాలు పరిచాడు. స్టేషనుకు చోటు చాల్లేదని దానికి ఇంకో పలక తగిలించాడు. అలా అలా గదంతా ఊరైపోయింది. కొన్నవి ఇంజను, పెట్టెలు, పట్టాలు మాత్రమే. ఖాళీ దారపు రీలు నీళ్లట్యాంకు అయింది. దబ్బనాలు తీగల స్తంభాలయ్యాయి. రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి గడ్డి మొలిపించాడు. ఆ ఊళ్లో ప్రతి ఇంటి కిటికీకీ తెరలున్నాయి. సొంతింటి కిటికీలకు మాత్రం లేవని భార్య సమయం దొరికినప్పుడల్లా దెప్పుతూనే ఉంటుంది.

ఇప్పుడా గది ఖాళీ కావాలి. భార్యకు అక్క, అంటే ఆయనకు వదిన, మోకాలి ఆపరేషను చేయించుకుని వీళ్లింటికి వస్తోంది. ఒంటరి మనిషి, మెట్లెక్కలేదు. అందుకని ఊరు మేడ మీదికి పోవాలి, వదిన కింద ఉండాలి. పట్టుబట్టి రమ్మన్నది కూడా ఆయనే.

వడ్రంగి వచ్చి బల్ల కిందికి దూరి, అక్కడా ఇక్కడా తట్టి చూసి, దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు.

"రెండు ముక్కలు చెయ్యాలండీ. కోస్తే పలకలు కలిసిన చోటే కొయ్యాలి. ఇంకెక్కడ కోసినా ముక్క నిలబడదు."

వడ్రంగి వేలు పెట్టి చూపించింది సరిగ్గా బొమ్మ ఊరి మధ్యనున్న కొండ నడినెత్తిన.

ఆ కొండ లోపల ఏముందో టైలరుకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అట్టలతో గూడు కట్టి, గుడ్డముక్కలు ప్లాస్టరు నీళ్లలో ముంచి, ఏటికేడు పొరలు పొరలుగా పరిచి లేపిన కొండ అది. ఆ గుడ్డ ఎక్కడిది? దుకాణానికి వచ్చేవాళ్లు ఇచ్చినదాంట్లో మిగిలింది. వేలెడు పీలిక మిగిలితే ఎవరూ అడగరు, ఏ టైలరూ తిరిగివ్వడు. కానీ పీలికకూ ముక్కకూ మధ్య గీత ఎక్కడుంది? రోజంతా సుద్దతో గీతలు గీసే మనిషి ఆ ఒక్క గీతా ఎప్పుడూ గీసుకోలేదు.

పైగా అందులో వదిన గుడ్డ కూడా ఉంది. వంకాయరంగు ఉన్ని. కోటు కుట్టమని ఇస్తే, జేబులు పెట్టడం మరిచిపోయి, ఆవిడ అడిగేసరికి "గుడ్డ చాల్లేదు వదినా" అనేశాడు. ఒకసారి అన్నాక మిగిలిన ముక్కను చూపించేదెట్లా? కొండకెక్కించాడు. రోజూ దుకాణం తెరిచేముందు దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు అందరి క్షేమమూ అడిగేవాడు గానీ ఈ సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు. అడిగితే ఆయన జవాబు చెబుతాడేమోనని భయం.

"కొండ పక్కనుంచి కోద్దాం," అన్నాడు టైలరు. వడ్రంగి కుదరదన్నాడు. "కొండ మొత్తంగా ఎత్తేద్దాం," అన్నాడు. లేపితే పొడిపొడి అవుతుందన్నాడు. "సరే, ఆలోచించి చెబుతా" అని పంపేశాడు.

ఆయన ఆలోచన తెమలకముందే వదిన దిగిపోయింది. చేసేదేముంది, ముందుగదిలో కుట్టుమిషను పక్కనే మంచం వేశారు. అది దుకాణమాయె. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మంచమ్మీది మనిషిని చూసి పొట్ట లోపలికి లాక్కోవడం మొదలుపెట్టారు. ఆవిడ ఊరుకుంటుందా!

"మరిదిగారూ, ఆయన ఊపిరి బిగబట్టారు. వదిలాక కొలవండి. లేకపోతే రేపు గుండీ తెగి నా మంచమ్మీద పడుతుంది."

రెండుమూడు బేరాలు అలాగే పోయాయి. భార్య వంటింట్లోకి పిలిచి, నవ్వకుండా అడిగింది.

"అక్క నడిరోడ్డులో పడుకున్నట్టు పడుకుంది. ఆ చెక్క కొయ్యడానికి ఇంత బాధేమిటండీ? ఊరు మీద అంత మమకారమా?"

"ఊరు మీద కాదే," అని ఆగిపోయాడు.

మర్నాడు వడ్రంగిని పిలిపించాడు.

రంపం కొండలో దిగుతుంటే టైలరు పళ్లు బిగించి నిలబడ్డాడు. పట్టాలు తెగాయి, సొరంగం తెగింది, గడ్డి రాలింది. రెండు ముక్కలూ విడిపోయాయి. మొదటి ముక్కను నిలువుగా తిప్పి గుమ్మం దాటించి, మెట్ల దగ్గరికి పోయే దారిలో, ముందుగదిలో వదిన మంచానికి ఎదురుగా గోడకు ఆనించారు. కోసిన వైపు ఆవిడ మొహానికి సూటిగా.

తెల్లటి ప్లాస్టరు మధ్య రంగురంగుల చారలు. ఊదా, బూడిదరంగు, నీలం గళ్లు. అడుగున, సొరంగం పైన, మందంగా వంకాయరంగు.

వదిన కళ్లజోడు సర్దుకుంది. ముందుకు వంగి చారలు ఒక్కొక్కటే చూసింది.

"చెల్లీ, ఇలా రా. ఈ కొండకు జేబులున్నాయేమో చూడు."

భార్య వచ్చి చూసింది. ఒకసారి కొండను, ఒకసారి మొగుణ్ణి.

"మరిచిపోయాను వదినా," అన్నాడు టైలరు తల దించుకుని. "గుడ్డ చాలింది. జేబులే మరిచిపోయాను. ఆ మాట చెప్పడానికి నామోషీ అయింది."

"ఆ మాటకేం. ఇన్ని చలికాలాలు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక సంకల్లో పెట్టుకు తిరిగాను. జనం నాకు పొగరనుకున్నారు," అంది వదిన. "నీలం గళ్లెవరివి?"

"పోస్టుమాస్టరుగారివి."

"ఊదా?"

"వదినా, మీకు పుణ్యముంటుంది..."

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో లెక్కల మాస్టారు కనిపించారు, కుట్టడానికిచ్చిన ప్యాంటు కోసం. కొండలో బూడిదరంగు చారలు పోయినేడాది ఆయన ప్యాంటుకని ఇచ్చిన గుడ్డవే. వదిన కాళ్ల మీది దుప్పటి లాగి, కూర్చున్నచోటినుంచే కోసిన వైపు మీదికి విసిరింది. అది కొండ మీద చక్కగా పడింది.

"లోపల ఆపరేషను జరుగుతోంది మాస్టారూ, చూడకూడదు," అంది.

మాస్టారు ప్యాంటు ఎత్తి పట్టుకుని చూసి, మాటవరసకు అడిగారు. "గుడ్డ ఏమన్నా మిగిలిందా?"

ఏళ్లుగా అలవాటైన జవాబు టైలరు నాలుక చివరిదాకా వచ్చింది. వదిన ఆయన వంక చూడటం లేదు, గోరు చూసుకుంటోంది. కాపాడాల్సినంత కాపాడింది, ఇక ఆయనిష్టం. టైలరు మిషను కింద సంచీలో చెయ్యి పెట్టి, మడిచిన ముక్క తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"ఇదండీ." అక్కడితో ఆగుదామనుకున్నాడు, కాలేదు. వెళ్లి దుప్పటి తీసేశాడు. "పోయినేడాది కూడా మిగిలింది. అది ఇందులో ఉంది. మీకు చెప్పకుండా వాడుకున్నాను."

మాస్టారు వంగారు. వేలితో చార తడిమారు. సొరంగంలోకి తొంగి చూశారు. ఆయన మొహం చూస్తే కోపమో మరేమిటో టైలరుకు అంతుపట్టలేదు.

"రైలు దీని కిందనుంచి పోతుందా?"

"పోయేదండీ. అతికాక మళ్లీ పోతుంది."

"మిగతా చారలు ఎవరివో వాళ్లకు చెప్పారా?"

"లేదండీ." టైలరు దుప్పటి మడిచి మంచమ్మీద పెట్టాడు. "చెబుతాను. వచ్చినవాళ్లకు వచ్చినట్టు."

"అయితే దీన్ని అప్పుడే మేడ మీదికి పంపకండి మరిదిగారూ," అంది వదిన. "ఇక్కడే ఉంటే మీకు చెప్పడం తేలిక, నాకు పొద్దుపోవడం తేలిక."

"నువ్వు ఊరుకో అక్కా!" అంది చెల్లెలు. "ఇది కదిలితేనే గదిలో నీ మంచం పడేది. మీరు అటు పట్టండి, వడ్రంగి ఇటు పడతాడు."

టైలరు వంగాడు. ముక్క బరువుగానే ఉంది, కొండ ఉన్న వైపు మరీను. ఎత్తబోయి తూలాడు.

మాస్టారు కొత్త ప్యాంటు కుర్చీ మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.

"జరగండి. నా ప్యాంటు ఉన్న వైపు నేను పట్టుకుంటాను."