దుమ్ము ఫ్యాను

షాఫ్టు బేరింగులో నూనె చుక్కలు వేసి, అంచున పొంగినదాన్ని చూపుడువేలితో తుడిచి, ఆ వేలు తలకు రాసుకున్నాడు బుడే సాహెబు. బాపయ్యగారి జిన్నింగు మిల్లులో నూనెడబ్బా పట్టిన నాటినుంచీ అతని తలకు వేరే నూనె కొన్నది లేదు. మనిషి పక్కన నిలబడితే ఇంజను పక్కన నిలబడ్డట్టే ఉంటుందని మిషను మీద పనిచేసే గురవమ్మ దెప్పుతుంటుంది. బక్కపల్చటి మనిషి. నిచ్చెన ఎక్కీ దిగీ పిక్కలు మాత్రం రాళ్ళలా బిగుసుకున్నాయి. కనుబొమల మీద, మీసం మీద, చెవుల్లో మొలిచిన వెంట్రుకల మీద తెల్లగా నూగు. చిలకలూరిపేటలో మిల్లు మనిషిని ఎక్కడ పని అని ఎవరూ అడగరు. ఆ తెలుపు చూసి పోల్చుకుంటారు.

నిచ్చెన మీంచి చూస్తే మిల్లంతా మంచు పట్టిన పొలంలా ఉంది. గోడల వెంట జిన్ను మిషన్లు, ఒక్కోదాని ముందు ఒక్కో ఆడమనిషి. పత్తి గుప్పెళ్ళతో తీసి మిషను నోటికి అందిస్తే దూది ముందుకు పొరలా జారుతుంది, గింజలు కింద రాలతాయి. దూదీ కాకుండా గింజా కాకుండా మిగిలింది గాల్లోకి లేస్తుంది. అదే నూగు. అందులో మట్టీ ఉంటుంది, ఎండాకుల పొట్టూ ఉంటుంది. పైకప్పు సందులోంచి పడిన ఎండ ఆ నూగులో దూలంలా కనిపిస్తుంది.

ఆ తెలుపులో చివరి మిషను దగ్గర జైనాబీ దగ్గుతోంది. అంత మోతలోనూ అతనికి ఆ దగ్గు విడిగా వినబడుతుంది, పాడైన బేరింగు కూత విడిగా వినబడ్డట్టు. పాడైన బేరింగుకైతే ఏం చెయ్యాలో అతనికి తెలుసు.

జైనాబీ అతని అక్క. తల్లి పోయిననాడు బుడేని చంకనెత్తుకుంది. పెళ్ళి చేసుకుని వెళ్ళి, మొగుణ్ణి పోగొట్టుకుని తిరిగొచ్చాక కూడా ఇంకా చంకలో ఉన్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. పొట్టి మనిషి. మోచేతుల దాకా గీతలు, వాటిల్లో నూగు. ఈమధ్య మెడ కింద గుంట పడింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ గుంట లోపలికి పోతుంది. పడుకుంటే ఊపిరాడక, ఏడాదిగా గోడకానుకుని కూర్చునే నిద్రపోతోంది.

ఆవేళ సోమవారం. సెలవు మర్నాడు ఛాతీ బిగదీసుకుపోవడం మిల్లులో అందరికీ మామూలే. ఆదివారం తలంటుకోవడం వల్ల పడిశం పడుతుందని కొందరు, చద్దన్నం పడలేదని కొందరు అనుకునేవారు. మిల్లు తరఫున గుమస్తా బుల్లయ్య పొద్దున్నే తలా ఒక బెల్లంముక్క పంచేవాడు. బెల్లం తింటే నూగు గొంతులోంచి కడుపులోకి జారిపోతుందట. కడుపులోంచి ఎటు పోతుందో ఎవరూ అడగలేదు.

పొద్దున మిల్లుకొచ్చే దారిలో, ఊపిరి కోసం ఆమె మైలురాయి పట్టుకుని నిలబడినప్పుడు, బుడే ఎప్పట్నించో నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు.

"అక్కా, ఇయ్యాళ్టి నించి ఆ దుమ్ము ఫ్యాను పట్టా ఎక్కించేసి, ఇంక దించకుండా వదిలేస్తా. ఎవరేమన్నా సరే."

జైనాబీ మైలురాయి మీద చెయ్యి తియ్యకుండానే అతని వంక చూసింది.

"ఎక్కించు. బుల్లయ్య నిన్ను దించేస్తాడు. ఇద్దరం ఇంటికాడ కూర్చుని ఒకరి మొకం ఒకరం చూసుకుందాం."

"నీ దగ్గు..."

"ఈ ఒక్క సీజను పోనీరా. ఆ తర్వాత నేనే మానేస్తాగా. దిండ్లకి మాట ఇచ్చున్నా."

ఆ దిండ్ల సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న దూదేకేవాడు. భుజాన విల్లేసుకుని, నరసరావుపేట నించి వేటపాలెం దాకా ఇంటింటికీ తిరిగి, పాత పరుపుల దూది ఏకి మళ్ళీ పూలల్లే చేసిపెట్టేవాడు. మిల్లులొచ్చాక ఆ విల్లు గోడకెక్కింది, పిల్లలిద్దరూ మిల్లుకెక్కారు. అయినా జైనాబీ చేతికి ఆ పని అబ్బింది. మిషన్ల కింద నేలమీద పేరుకున్న నూగు ఆడవాళ్ళదనేది మిల్లులో మొదట్నించీ ఉన్న కట్టుబాటు. ఎవరి మిషను కిందది వాళ్ళు సాయంత్రం ఊడ్చి పట్టుకుపోతారు. మిగతావాళ్ళు వత్తులకో కుంపటి రాజెయ్యడానికో వాడితే, జైనాబీ మాత్రం మట్టి దులిపి, నాన్న విల్లు దించి ఏకి, దిండ్లు కుట్టేది. పేటలో పురుడొచ్చిందంటే పసిబిడ్డ తలకిందకి జైనాబీ దిండు రావలసిందే. ఊరందరికీ దిండ్లు కుట్టిన మనిషి, గోడకానుకుని నిద్రపోతోంది.

రెండు సీజన్ల కిందట కొత్త రూల్సు వచ్చాయన్నారు. దుమ్ము లేచే మిల్లుల్లో దాన్ని పీల్చి బయటికి తోలే ఫ్యాను పెట్టాలన్నారు. బాపయ్యగారు గవర్నమెంటునీ ఫ్యానునీ కలిపి తిట్టి, చివరికి తెప్పించారు. మిషన్ల నెత్తిన రేకు గొట్టాలు, గోడలో మనిషెత్తు ఫ్యాను. ఇంజను తిప్పే షాఫ్టు మీంచి దాని పుల్లీకి తోలుపట్టా ఎక్కిస్తే తిరుగుతుంది. తిరుగుతున్న షాఫ్టు మీదికి వెదురుకర్రతో పట్టాని జార్చడం, మళ్ళీ దించడం బుడే ఒక్కడికే చేతనవును. ఇంకొకడు ప్రయత్నించి రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు.

అది తిరిగిన మొదటిరోజు ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "ఓసి జైనాబీ, నీకు మీసాలున్నయ్యని ఇన్నాళ్ళూ తెలీలా!" అంది గురవమ్మ. ఆమె నవ్వు కూడా స్పష్టంగా కనబడింది. జైనాబీ కూడా నవ్వింది. కాని మధ్యాహ్నం అన్నం వేళకి మిల్లు వెనక్కి వెళ్ళి చాలాసేపు రాలేదు. బుడే వెళ్ళి చూస్తే, ఫ్యాను ఊదిన నూగంతా తుమ్మకంచెకి చుట్టుకుని వేలాడుతోంది. ముళ్ళమీంచి ఒక్కో పోగే పీకి కొంగులో వేసుకుంటోంది ఆమె.

"నాన్న ఇంత దూదిపింజ కిందపడితే కళ్ళకద్దుకునేవోడు. తుమ్మలకి చుట్టబెడుతున్నారు చూడరా," అంది.

దూదేకేవాడి కొడుకు బుడే. గాలికి పోతున్న దూది చూడలేక తనూ ముళ్ళమీంచి పోగులు పీకాడు. ఇంకో ఇంట పుట్టినవాడైతే పోతే పోయిందనుకునేవాడు. మర్నాడు సాయంత్రం ఊడ్చే వేళకి ముందు కాసేపు పట్టా దించాడు, అక్కకింత నూగు దొరుకుతుందని. ఆ కాసేపు పూటయింది, ఆ పూట దినమయింది. ఓ రోజు బుల్లయ్య చూశాడు. తిడతాడనుకుంటే భుజం తట్టాడు. ఫ్యాను ఆగితే ఇంజను ఎంత తేలిగ్గా లాగుతోందో బాపయ్యగారు కూడా గమనించారట. అప్పట్నించి ఇన్‌స్పెక్టరు వచ్చినపూట ఎక్కించడం, పోగానే దించడం మిల్లు ఆజ్ఞ అయింది. మొదట దించిందెవరో అందరూ మరిచిపోయారు. బుల్లయ్య అయితే ఆ ఆలోచన తనదేనని చెప్పుకుంటాడు. చెప్పుకోనీ అనిపించేది బుడేకి. కాని నూనె పోస్తూ గోడ మేకుకి వేలాడే పట్టా పక్కనించి పోయినప్పుడల్లా అతను తల తిప్పుకునేవాడు.

పది గంటల వేళ బుల్లయ్య పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు. గుంటూరు రోడ్డు మలుపులో జీపు కనబడిందట.

అంతా ఎవరి పని వాళ్ళకి తెలుసు. కొందరు నేలమీద చల్లడానికి నీళ్ళు తెచ్చారు. కొందరు కొంగులు దులుపుకున్నారు. దగ్గేవాళ్ళని గింజల కొట్లోకి పంపడం బుడే వంతు. నిరుడు దగ్గేవాళ్ళు ముగ్గురుండేవారు. మిగతా ఇద్దరూ ఈ సీజనుకి రాలేదు.

అక్క రెక్క పట్టుకుని నడిపించాడు. కొట్టు మిల్లుకి ఆనుకునే ఉంది. రేకుల కింద గుట్టగా పోసిన పత్తిగింజలు, వాటిలో పుట్టిన వెచ్చదనం, చిరుచేదు వాసన. జైనాబీ గుట్టమీద చేరగిలబడి, కాళ్ళు చాపుకుంది. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి.

"వాళ్ళు నీళ్ళు చల్లకముందే నా మిషను కిందది ఊడ్చి గోనెలో వెయ్యరా. తడిస్తే ఏకటానికి రాదు," అంది.

"అట్టాగే. నువ్వు దగ్గు రాకుండా చూసుకో."

"చూసుకుంటాలే, పో."

తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టాడు. లోపలికి వచ్చేసరికి నీళ్ళు చల్లడం అయిపోయింది. వెదురుకర్ర తీసుకుని పట్టా ఎక్కించాడు. ఫ్యాను ఓసారి మూలిగి, అందుకుంది. నూగు తెర పల్చబడి, పైకి లేచి, గొట్టాల్లోకి పోయింది.

ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, కుర్రతనం పోనివాడు. కళ్ళద్దాల వెనక చూపు మెత్తగా ఉంది. వచ్చే అధికారులు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటారు. ఇతను పెట్టుకోలేదు. ఫ్యాను ముందు నిలబడి, పట్టా తగిలించే మేకు వంకా పుల్లీ అంచున ఉన్న తుప్పు వంకా చూసి, తర్వాత బుడే వంక చూశాడు.

"ఇది రోజూ తిరుగుతుందా?"

బుల్లయ్య వెనకనుంచి దగ్గినట్టు నటించాడు. ఆ మిల్లులో ఆపూట దగ్గే హక్కు అతనొక్కడికే ఉంది.

"రోజూ తిరుగుద్దండి," అన్నాడు బుడే. అక్కడితో ఆగినా సరిపోయేది. "రాత్రిళ్ళు పని ఉన్నా తిరుగుద్దండి," అని అడగనిది కూడా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. ఇంగ్లీషువాళ్ళ సీమలో ఈ మిల్లు దగ్గుకి ఒక పేరుందనీ, అది వచ్చినవాళ్ళకి అక్కడ పరిహారం కట్టాలనీ, సోమవారం నాడు ఛాతీ బిగుస్తుందని డాక్టర్లు పుస్తకాల్లో రాశారనీ చెప్పుకొచ్చాడు. సోమవారం అన్న మాట దగ్గర గురవమ్మ చేతులు ఆగిపోయాయి. సముద్రాల అవతలి మనుషులకి తమ సోమవారం సంగతి ఎలా తెలిసిందో ఆమెకి అంతుపట్టలేదు. మన దగ్గర ఫ్యాను దాకా వచ్చిందనీ, మిగతాది కూడా వస్తుందనీ అన్నాడతను. తర్వాత గొంతు తగ్గించి, బుడేకి దగ్గరగా వచ్చాడు.

"ఇక్కడ అలా దగ్గేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే నా జీపులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీసి చూస్తారు. మిల్లుకేం ఇబ్బంది రాదు, నాదీ పూచీ."

బుడే కళ్ళు కొట్టు వైపు పోబోయి ఆగాయి. జీపులో అక్క కూర్చోవడం కనబడింది అతనికి, ఆ మెడ కింద గుంటతో సహా. వెంటనే ఇన్‌స్పెక్టరు అడగబోయే తర్వాతి ప్రశ్న కూడా వినబడింది. రోజూ ఫ్యాను తిరిగే మిల్లులో ఈమెకి ఇంత దగ్గు ఎలా వచ్చింది? పట్టా దించిందెవరు?

"ఎవురూ లేరండి," అన్నాడు.

బాపయ్యగారు ఇన్‌స్పెక్టరుని ఆఫీసు గదిలోకి పిలిచి కాఫీ ఇప్పించారు. కాఫీ తర్వాత ఈ ఏటి మిరప ధర మీద మాటలు సాగాయి. జీపు కదిలేదాకా కొట్టు తలుపు తియ్యకూడదు. బుడే వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడ్డాడు. లోపల్నించి దగ్గు లేదు. చెవి ఆనించి విన్నాడు. సద్దే లేదు. అక్క ఎంత బాగా ఆపుకుంటోందో అనుకున్నాడు. గర్వం లాంటిది కూడా కలిగింది. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ ఫోటో మాట చెప్పాలి, తనే ఒక రోజు సెలవు పెట్టి బస్సులో గుంటూరు తీసుకెళ్ళాలి, ఈ వారంలోనే, అని లెక్కలు వేసుకున్నాడు.

జీపు చప్పుడు రోడ్డెక్కాక గొళ్ళెం తీశాడు.

జైనాబీ గింజల మీద పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. ఏడాది తర్వాత ఆమె అలా ఒళ్ళు వాల్చి పడుకోవడం అదే మొదలు. కొంగు ఉండచుట్టి నోటికి అడ్డంగా గట్టిగా పట్టుకుని ఉంది. ఆ పట్టు ఇంకా సడల్లేదు. చెంప కింద గింజలు ఆమె బరువుకి గుంటపడి, దిండులా ఒదిగాయి.

గురవమ్మ వచ్చి, వంగి చూసి, కొంగు నోట్లోంచి మెల్లిగా తీసింది. ఆ కొంగునే జైనాబీ మొహం మీద కప్పింది.

సాయంత్రం అసరు నమాజు వేళకి ఖననం అయిపోయింది. మట్టి వేసి వచ్చినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళారు. బుడే కాళ్ళు మాత్రం మిల్లువైపు నడిచాయి. గేటు లోపల బుల్లయ్య వెదురుకర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుట్నించీ ఫ్యాను తిరుగుతూనే ఉంది. దించడం ఎవరికీ చేతకాలేదు.

"ఇయ్యాళ నిన్ను పిలవకూడదని పిలవలా," అన్నాడు బుల్లయ్య, అతని మొహం చూడకుండా. "బాపయ్యగారు రెండుసార్లు అడిగారు. నువ్వొస్తే గానీ దిగదు గదా."

బుడే కర్ర అందుకున్నాడు. గోడకి ఆనించి పెట్టాడు. నూనెడబ్బా తీసుకుని, నిచ్చెన వేసుకుని, రెండు సీజన్లలో తను ఒక్కసారి కూడా నూనె పొయ్యని ఆ ఫ్యాను బేరింగులో చుక్క తరవాత చుక్క వేశాడు. పొంగినదాన్ని వేలితో తుడిచాడు. ఆ వేలు తలకు రాసుకోబోయి, చొక్కాకి తుడుచుకున్నాడు. బుల్లయ్య ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు.

నిచ్చెన మీంచి చూస్తే మిల్లు ఈ చివర్నించి ఆ చివరిదాకా కనబడుతోంది. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతున్నారు, ఊడ్చుకోవడానికి ఏమీ లేక. చివరి మిషను పక్కన, పుల్లలు వంగిపోకుండా జైనాబీ ఎప్పుడూ పెట్టేటట్టే, తలకిందులుగా నిలబెట్టిన ఈనెల చీపురు ఉంది. దాని కొసకి చిక్కుకున్న ఓ నూగుపోగు ఫ్యాను వైపుకి వాలి, ఊడి పోకుండా, వణుకుతోంది.